అందుకునే గొంతు

కారు పదకొండుకు వస్తుంది. ఆలోగా కావలసిన పనులు ఇవి.

రాజవ్వకు స్నానం చేయించాలి. తల దువ్వాలి. గోళ్లు తీయాలి, ఎందుకంటే గోళ్లు పెరిగినవాళ్లను చేర్చుకోబోమని వృద్ధాశ్రమం వాళ్లు ఫోన్‌లోనే చెప్పారు. చీరలకూ జాకెట్లకూ తువ్వాళ్లకూ ఓ మూల పేరు కుట్టాలి. అరటిపండు గుజ్జులో మాత్ర కలిపి తినిపించాలి. ఆధార్ జిరాక్సులు, డాక్టరు చీటీలు ఒక కవరులో పెట్టాలి. పక్కింటి నాగరత్నమ్మ గారి క్యారియరు తిరిగి ఇచ్చేయాలి. వీటన్నిటినీ చప్పుడు కాకుండా చేయాలి, ఎందుకంటే ఆమె కొడుకు చంద్రకాంత్ రాత్రి డ్యూటీ దిగి వచ్చి ముందుగదిలో పడుకున్నాడు.

వీటిలో మనవరాలు హర్షిణికి చేతనైంది జిరాక్సులు ఒక్కటే.

రాజవ్వ పెరట్లో స్నానాలగది తలుపు పట్టుకుని నిలబడింది. లోపలికి పోదు, ఇవతలికి కదలదు. రెండుసార్లు నీళ్లు కాచారు, రెండుసార్లూ చల్లారిపోయాయి. చెంబు పట్టుకుని దగ్గరికి వెళ్లిన కోడలు రవళి ముంజేతి మీద గోళ్ల గీతలు ఎర్రగా తేలాయి.

"నన్ను ముట్టకు. నా పుస్తెలతాడు తీసినవ్. ఇగ నా చీర గుంజుతవా?" అంటోంది రాజవ్వ.

ఆ పుస్తెలతాడు ఆమె భర్త పెంటయ్య పోయిన నాడు తీసేసింది. పెంటయ్య పోయిన సంగతి రాజవ్వకు గుర్తులేదు. తాడు పోయిందన్నది మాత్రం గుర్తుంది. ఇంట్లో తాడు దొంగిలించేంత దగ్గరగా మసలే మనిషి కోడలు ఒక్కతే కాబట్టి, ఆ నేరం రవళి మీద పడింది.

"సప్పుడు చెయ్యకు అత్తా. ఆయన పండుకున్నడు," అంది రవళి గొంతు తగ్గించి.

ఈ ఇంట్లో ఎవరు ఎవరితో కొట్లాడినా గొంతు తగ్గించే కొట్లాడతారు. చంద్రకాంత్ పాశమైలారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరిన నాటి నుంచీ అంతే. రాత్రి షిఫ్టు చేసినవాడికి పగలే రాత్రి. ఆ వారాల్లో టీవీ మూగగా నడుస్తుంది. కుక్కరు కూత పెట్టకముందే దించేస్తారు. వచ్చిన చుట్టాలు వాకిట్లోనే నిలబడి సైగలు చేసి పోతారు. ఊళ్లో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. నిద్రమత్తులో ఒక వాల్వుకు బదులు ఇంకో వాల్వు తిప్పితే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి, ఈ మూగతనాన్ని ఎవరూ తప్పుపట్టరు.

హర్షిణి తల్లిని స్నానాలగది పక్కకు తీసుకెళ్లింది.

"అమ్మా, ఇయ్యాల ఆపుదాం. కొత్త జాగకు తీస్కపోతే ఇంక పరేషాన్ అయితదని డాక్టరమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. నాకు గూడ చెవులున్నయ్. చెప్పినామె ఆమె ఇంటికి పోయింది. నేను ఈడ్నే ఉన్న."

"నేను లేనా?"

"నువ్వు యాడున్నవే? పొద్దుగాల బస్సెక్కుతవ్, మాపటికి దిగుతవ్. నీ ల్యాబుల సీసలు గీరుతయా? దొంగవు అంటయా?"

ఆ ఇంటి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి హర్షిణి. బొల్లారంలో ఓ మందుల కంపెనీ ల్యాబులో శాంపిళ్లు పరీక్షిస్తుంది. కాలేజీలో ఎవరేమడిగినా ఏదో ఒక సమాధానం చెప్పేది. తల్లి అడిగినప్పుడే దొరకదు.

"నిన్న కూరగాయల బండాయనతోని చెప్పింది, కోడలు బువ్వ పెడ్తలేదని," అంది రవళి. "ఆయన నా మొకం దిక్కు సూసిన సూపు నువ్వు సూడాల్సి ఉండె. రెండు కట్టలు తోటకూర ఎక్కువేసిండు, ముసలామెకు పెట్టమని."

చెబుతూంటే ఆమెకే నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయి కళ్లలోకి నీళ్లుగా దిగింది. కొంగుతో తుడుచుకుని, సూదీ దారం తీసుకుని మెట్టు మీద కూర్చుంది. మొదటి చీర మూల మీద 'రా' అనే అక్షరం సగమే కుట్టి ఉంది.

హర్షిణి లోపలికెళ్లి హెడ్‌ఫోన్లు తెచ్చింది.

ఎండాకాలం నుంచీ ఆమె ఆశంతా ఆ హెడ్‌ఫోన్ల మీదే. మతిమరుపు జబ్బున్నవాళ్లకు పాటలు వినిపిస్తే మేలు జరుగుతుందని క్యాంటీన్‌లో కూర్చుని ఫోన్‌లో చదివింది. ఒకటి చదివి ఊరుకోలేదు, వెతికి వెతికి చదివింది. భజనలు, పాత సినిమా పాటలు, ఎవరో పల్లెల్లో తిరిగి రికార్డు చేసిన వరినాట్ల పాటలు, అన్నీ ఫోన్‌లో నింపింది. పెట్టిన ప్రతిసారీ రాజవ్వ వాటిని లాగి పారేసింది. నా తలకు శిక్కం ఏస్తున్నవా, నేనేమన్న ఎద్దునా అనేది.

"నాయినమ్మా, ఇదొక్కటి ఇను. నాటు పాట. నీకు ఇష్టం గదా."

ఈసారి రాజవ్వ పెట్టనిచ్చింది. పాట మొదలైంది. ముడతల మధ్య కళ్లు కాస్త విచ్చుకున్నాయి. తలుపు మీది వేళ్లు సడలాయి.

అంతలో రాజవ్వ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆమెనే పాడుతది, ఆమెనే అందుకుంటది. ఇగ నేనెందుకే నడుమ?"

అని హెడ్‌ఫోన్లు తీసి నీళ్ల బకెట్లో వేసింది. నీళ్ల మీదికి నాలుగు బుడగలొచ్చాయి.

"అయిపోయింది," అంది రవళి కుట్టుకుంటూ. "ఇగ బకెట్ ఇంటది పాట."

హర్షిణి వాటిని తీసి పైటతో తుడుస్తూ నిలబడింది. రాజవ్వ అన్న మాట ఆమె చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు. ఆ రోజుల్లో రాజవ్వ మాటలు ఎవరి మనసుకూ ఎక్కడం లేదు. జబ్బు మనిషి మాటలు అని అందరూ పక్కకు నెట్టేసేవాళ్లు.

రాజవ్వ మళ్లీ తలుపు పట్టుకుని, సన్నగా ఎత్తుకుంది.

"నల్లమబ్బు దిగొచ్చె వలలో
నారుమడి పిలిచిందె వలలో."

అని ఆగింది. కాసేపటికి మళ్లీ అదే. మళ్లీ ఆగింది. మళ్లీ అదే.

పొద్దున లేస్తే అదే చరణం, మాపటికీ అదే. రెండో చరణం మరిచిపోయిందని ఇంట్లో అందరూ నమ్మారు. సంగారెడ్డిలో డాక్టరుకు జబ్బు గుర్తులు చెప్పినప్పుడు, పేర్లు మరిచిపోతుంది, దారి తప్పుతుంది, ఒక్క చరణమే పాడి ఆగిపోతుంది అని హర్షిణే చెప్పింది. డాక్టరు తలూపి రాసుకుంది.

"ష్. ఆయన లేస్తడు," అంది రవళి, అలవాటుగా.

పెరటి గేటు కిర్రుమంది. నాగరత్నమ్మ లోపలికొచ్చింది. ఆమె భర్త నరసరాజు పెద్ద ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. గుడివాడ వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఇవాళ రాజవ్వను తీసుకెళ్లేది వాళ్ల కారే.

"ఏమ్మా రవళీ, మా వారు బండి కడిగి నుంచోబెట్టారు. పెద్దావిడ తయారేనా?" అని, రాజవ్వ అవతారం చూసి తనే సమాధానం చెప్పుకుంది. "కాలేదన్నమాట."

"రానిస్తలేదు ఆంటీ," అంది హర్షిణి. "పాటలు పెట్టి సూసిన. గవి గూడ వద్దంటది."

"యంత్రంలో పాట ఎవరికి పడుతుందే? మనిషి పాడాలి. చిన్నప్పుడు నేను సంగీతం నేర్చుకున్నాను, తెలుసా? పెళ్లయ్యాక అటకెక్కింది గానీ, గొంతు ఇంకా పూర్తిగా పోలేదు." నాగరత్నమ్మ అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకుంది. "పెద్దమ్మగారూ, కృష్ణుడి పాట. వినండి."

అని కళ్లు మూసుకుని, నిదానంగా, ఒక్కో మాటను నాలుగు మలుపులు తిప్పి పాడింది. గొంతు నిజంగానే బాగుంది. రాజవ్వ మర్యాదగా చివరిదాకా విన్నది.

"మంచిగున్నది బిడ్డా," అంది. "ఎవలు పోయిండ్రు?"

నాగరత్నమ్మ కళ్లు తెరిచింది. ఒక్క క్షణం చూసి, పెద్దగా నవ్వేసింది. "మా మాస్టారూ ఇంచుమించు ఇదే అనేవారు తల్లీ."

ఆ నవ్వుకు ముందుగది తలుపు తెరుచుకుంది.

చంద్రకాంత్ లుంగీతో గడపలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరి మీదా కోపంగా లేడు. అది ఇంకా భయంగా ఉంది.

"టైం ఎంతయింది? ఇంక తానం గూడ కాలేదా?"

అతను లుంగీ పైకి ఎగగట్టాడు.

"జరుగుండ్రి. నేను ఎత్తుకపోత. ఆడ వాళ్లే చేయిపిస్తరు."

"వద్దు డాడీ," హర్షిణి అడ్డంగా నిలబడింది. "గట్ల గుంజితే ఇంక భయపడ్తది."

"భయం ఆమెకొక్కదానికేనా?" అన్నాడు చంద్రకాంత్. ఇప్పుడూ గొంతు పెంచలేదు. ఆ ఇంటి అలవాటుకు తగ్గిపోయిన గొంతు అది. "మొన్న రోడ్డు మీద కంపెనీ బస్సు ముంగట నిలబడ్డది. డ్రైవరు మనోడు, గుర్తుపట్టి బ్రేకు కొట్టిండు. ఆ దినం డ్యూటీల నా చేతులు ఒణికినయ్ హర్షిణీ. రియాక్టరు కాడ నా చేతులు ఒణికితే నేనొక్కన్నే పోను. నాతోటి ఇంకెంతమంది ఉంటరో నీకెర్కనా?"

హర్షిణికి తెలుసు. అందుకే పక్కకు జరగనూ లేకపోయింది, అడ్డంగా నిలబడనూ లేకపోయింది.

"మా అవ్వను నేను కావాలని తోలుతున్ననా?" అన్నాడతను. ఆ మాట ఎవరి వైపూ చూసి అనలేదు.

నాగరత్నమ్మ లేచి, ఏం చేయాలో తోచక అరుగు మీదున్న తన క్యారియరు చేతిలోకి తీసుకుంది. బయట కారు హారన్ ఒకసారి చిన్నగా మోగింది. నరసరాజు కూడా ఆ వీధిలో ఇన్నేళ్లుండి చిన్నగా మోగించడం నేర్చుకున్నాడు.

రవళి కుట్టు పక్కన పెట్టింది. ఎవరు పోయినా ఎవరు ఉన్నా మధ్యాహ్నం కూర వండాల్సిందే. బండాయన జాలిపడి వేసిన తోటకూర కట్టలు తెచ్చుకుని, పెరట్లో మోకాళ్లు ముడుచుకు కూర్చుని ఆకు తెంపబోయింది.

అప్పుడు రాజవ్వ తలుపు వదిలేసింది.

నడుచుకుంటూ వచ్చి, రవళి ఒళ్లోంచి ఒక కట్ట తీసుకుంది. బకెట్ ఒలికి చిత్తడిగా ఉన్న నల్లా పక్కకు వెళ్లింది. చీర కుచ్చిళ్లు ఎగదోసి, నడుము వంచింది. ఆమె నడుము అంత సులువుగా వంగుతుందని హర్షిణికి తెలియదు. కట్ట విప్పి, రెండేసి మొక్కలు విడదీసి, బొటనవేలితో బురదలోకి గుచ్చింది. ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ గుచ్చింది.

"నల్లమబ్బు దిగొచ్చె వలలో
నారుమడి పిలిచిందె వలలో."

ఆగింది.

హర్షిణి మొదటిసారి ఆ ఆగడాన్ని చూసింది. ఇన్నాళ్లూ విన్నదే గానీ చూడలేదు. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, తల పక్కకు తిప్పి, చెవి అటు వేసి ఉంది రాజవ్వ. మరిచిపోయి తడుముకుంటున్న మొహం కాదది. ఎవరి కోసమో ఆగినట్టుంది.

"నాయినమ్మా, ముంగటి మాట ఏంది? సోంచాయించు జెర," అంది హర్షిణి.

"నువ్వూకో," అంది రాజవ్వ విసుగ్గా. "నాకెర్కనే." మళ్లీ అదే చరణం ఎత్తుకుని, మళ్లీ చెవి పక్కకు వేసింది.

అప్పుడు, ఆకు తెంపుతున్న రవళి తలెత్తకుండానే, మరెవరికీ వినపడనంత సన్నగా అంది:

"నల్లమబ్బు దిగొచ్చె వలలో
నారుమడి పిలిచిందె వలలో."

రాజవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది.

"పిలిచేటి మడికేమొ వలలో
పిల్లకాల్వ తోడమ్మ వలలో."

రెండో చరణం. మాటలు ఎక్కడా తడబడలేదు. ఇంట్లో ఉన్న ఐదుగురిలో పాడిన మనిషి తప్ప అందరూ కదలకుండా ఉండిపోయారు. రాజవ్వ మటుకు వెనక్కి తిరక్కుండానే కసిరింది.

"గట్టిగ అను పిల్లా. మడి అవుతలి ఒడ్డుకు ఇనబడాలె."

రవళి మొగుడి వైపు చూసింది. ఈ పెరట్లో గట్టిగా అన్న మాటే లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె గొంతు ఎంతుంటుందో అతనికైనా తెలుసో లేదో.

"అను," అన్నాడు చంద్రకాంత్.

రవళి అంది. మొదట గొంతు జీరపోయింది. రెండోసారి తేటపడింది. రాజవ్వ మూడో చరణం ఎత్తింది, రవళి అందుకుంది. నాలుగోది. అయిదోది. కట్ట అయిపోతే నాగరత్నమ్మ వంగి ఇంకో కట్ట అందించింది. గోడ అవతల ఎవరో కిటికీ తెరిచారు. ముందు వీధిలో కారు ఇంజను ఆగిన చప్పుడైంది.

చంద్రకాంత్ గడప మీదే కూలబడ్డాడు. చిన్నప్పుడు గట్టు మీద గంప నీడన కూర్చుని విన్న పాట. ఆ గట్టు మీద ఇప్పుడు ఫ్యాక్టరీ గోడ ఉంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఇద్దరాడవాళ్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

రవళి పాట ఆపకుండా లేచింది. అందుకుంటూనే అత్త మోచెయ్యి పట్టుకుంది. రాజవ్వ విదిలించలేదు. స్నానాలగది దాకా వెనకడుగులతోనే వెళ్లింది. మొదటి చెంబు నీళ్లు భుజం మీద పడ్డప్పుడు ఉలిక్కిపడి, ఆ ఉలికిపాటును కూడా చరణంలో కలిపేసింది.

"సల్లనీళ్లు పోసింది వలలో
సక్కనోళ్ల పిల్లెవతె వలలో."

లోపలి నుంచి రవళి నవ్విన చప్పుడు వినిపించింది. నవ్వుతూనే అందుకుంది.

స్నానమైంది. తల దువ్వనిచ్చింది. అరటిపండుతో పాటు మాత్ర మింగింది. అన్నం తోటకూరతో కలిపి పెడితే, మట్టంటుకున్న ఆకులా, మంచి ఆకులా అని అడిగి మరీ తిన్నది. తిని, మంచం మీద చేయి తలకింద పెట్టుకుని నిద్రపోయింది. చాలా రోజుల తరవాత పగటిపూట ఆ ఇంట్లో నిద్రపోయింది చంద్రకాంత్ కాదు.

"నీకు ముందే తెలుసా అమ్మా?" అని అడిగింది హర్షిణి వంటింట్లో.

"ఏం తెల్సు? నాకూ ఇప్పుడే ఎర్కయింది," అంది రవళి గిన్నె తోముతూ. "పెండ్లయి వచ్చిన ఏడు నన్ను వరుసల ఆఖరికి నిలబెట్టింది. అందుకోకుంటే నారుకట్ట ఈపు మీద పడేది. వెనకోళ్లు అందుకుంటనే ముందటామె తర్వాత మాట ఎత్తాలె. గది పద్ధతి. రెండేండ్లు ఏసినమో లేదో, భూములు కంపెనీలకు పోయినయ్. నీకెట్ల తెలుస్తది, నువ్వు పుట్టేసరికి మడే లేదాయె."

"మరి ఇన్ని దినాలు..."

"ఇన్ని దినాలు నేనెక్కడ ఇన్ననే? ఎత్తుకుంటనే నోరు మూయించుడాయె. ఆయన లేస్తడు, ఆయన లేస్తడు." గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుంది. "పాపం, ఆగి సూసి సూసి మల్ల మొదటికి వచ్చేది. మనమేమో మరిసిపోయిందంటిమి."

హర్షిణి ఆ మాట విని బయటికొచ్చి, సంగారెడ్డి డాక్టరుకు ఫోన్ చేసింది. డాక్టరు లక్ష్మీప్రసన్న నెమ్మదిగా మాట్లాడే మనిషి. తేలిగ్గా ఆశపెట్టదు.

"మేడం, నేను మీకు ఒకటి తప్పు చెప్పిన. ఆమె పాట మరిసిపోలే. వెనకోళ్ల కోసం ఆగుతది." జరిగిందంతా చెప్పింది.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"ఎంతసేపు పాడింది?"

"అన్నం ఉడికేటంత సేపు మేడం. ఒక చరణం కొత్తగ కట్టింది గూడ."

"కట్టిందా," అంది డాక్టరు, ఆ ఒక్క మాటా మెల్లగా. "చూడమ్మా. చిన్ననాడు, ఒళ్లు వంచి పనిచేస్తూ నేర్చుకున్న పాట మెదడులో ఒకచోట ఉండదు. వినే భాగంలో, కాళ్లూ చేతులూ కదిలించే భాగంలో, సంతోషపడే భాగంలో, అన్నిట్లో దాని వేళ్లుంటాయి. ఈ జబ్బు ముందు పట్టేది నిన్నమొన్నటి సంగతులు దాచే చోటును. పాటలున్న చోట్లకు చాలామందిలో ఆలస్యంగా వస్తుంది."

"అంటే, పోయింది మల్ల వస్తదా మేడం?"

"రాదు. పోయిన కణం పాటకు లేచిరాదు. అది నీకు నేను చెప్పకపోతే తప్పు. కానీ మీ నాయనమ్మ రోజంతా భయంలో ఉంటోంది. భయంలో ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఊరుతూనే ఉంటుంది. తనకు తెలిసిన పాట, తెలిసిన పద్ధతిలో నడిస్తే అది తగ్గుతుంది, గుండె నెమ్మదిస్తుంది. భయం తగ్గిన మెదడు మిగిలినదానితో పని నడుపుకుంటుంది. తినడం, నిద్రపోవడం, ఒకరిని దగ్గరికి రానివ్వడం. ఇవాళ నువ్వు చూసింది అదే అయ్యుండాలి."

"నెత్తురు తీసి సూసిన పరిశోధన ఒకటి చదివిన మేడం. పాటకు ముందు, తర్వాత."

"జన్యువుల పనితీరులో తేడా కనిపించిందని, మతిమరుపున్నవాళ్లలో ఆ తేడా ఇంకా ఎక్కువని రాశారు. నేనూ చదివాను. కొద్దిమంది మీద చేసినవి అవి, ఇంకా తేలాలి. దాన్ని పట్టుకుని మాత్ర మాత్రం మానిపించకు."

"మానిపియ్య మేడం. మరి హెడ్‌ఫోన్లు?"

"అవి పనికొచ్చేవాళ్లూ ఉన్నారు. మీ నాయనమ్మకు పాటంటే నలుగురితో చేసే పని. ఒక్కదానికే చెవిలో పోస్తే ఏం చేసుకుంటుంది? అందుకునేవాళ్లను చూడు. రోజూ కాసేపు."

ఫోన్ పెట్టేశాక హర్షిణి గోడకానుకుని నిలబడింది. నాయనమ్మ బాగవుతుందని డాక్టరు చెప్పలేదు. అయినా కడుపునిండా గాలి పీల్చుకుంది. ఫ్యాక్టరీ వాసన ఉన్న గాలే, ఎప్పుడూ ఉండేదే.

ముందు వాకిట్లో చంద్రకాంత్ ఇవాళ్టికి ప్రయాణం వద్దని నరసరాజుతో చెప్పి వచ్చాడు. వెనకాలే నాగరత్నమ్మ.

"మా వారికి బండి కడగడమే సరదా, తోలడం కాదు. ఆయనేం అనుకోరులే," అంది ఆమె. "చంద్రకాంత్, మా మేడ మీద గది ఊరికే పడి ఉంది. రాత్రి డ్యూటీ వారాల్లో నువ్వొచ్చి అక్కడ పడుకో. ఇక్కడ వీళ్ల పాట వీళ్లను పాడుకోనీ. నేనూ నేర్చుకుంటాను. మళ్లీ ఎవరు పోయారని అడగకుండా ఉంటే చాలు."

చంద్రకాంత్ ఆ మాటకు నవ్వాడు. పొద్దుటి నుంచీ అదే మొదటిసారి.

"గేటుకు పైన గడియ పెట్టిస్త," అన్నాడు రవళితో. "బస్సు సంగతి నాకింక మనసులనే ఉన్నది. ఆశ్రమమోళ్లు సోమవారం దాక జాగ పట్టి పెడ్తమన్నరు. ఏం చెప్పమంటవ్?"

ఎండాకాలం నుంచీ పంపాలన్నది రవళి. ఇప్పుడు అడిగింది రవళినే. ఆమె సగం 'రా' కుట్టిన చీర మడిచి, సూది గుచ్చి, అలాగే పక్కన పెట్టింది. విప్పలేదు, పూర్తి చేయలేదు.

పొద్దు వాలుతుండగా రాజవ్వ లేచింది. రవళి ఆమె పక్కన కూర్చుని గోళ్లు తీస్తోంది. హర్షిణి టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"నువ్వు ఎవలింటి పిల్లవు?" అని అడిగింది రాజవ్వ.

"ఈ ఊరిదాన్నే," అంది రవళి.

"మంచిగ అందుకున్నవ్. గొంతు సన్నం గని, ఒక్కకాడ తప్పలే. మా ఇంట్ల కోడలొకతె ఉన్నది. దానికి పాట గీట ఏం రాదు. ఎప్పుడు సూడు నోరు మూస్కొమ్మంటది."

రవళి చిటికెన వేలి గోరు మీద తల వంచింది.

"ఎప్పుడు మూస్కొమ్మంటది," అంది తనూ.

"దానికి చెప్పకు." రాజవ్వ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. ఆ ఇంటి మనిషే కదా, ఆమెకూ ఆ అలవాటుంది. "నన్ను యాడనో ఇడిసి వస్తరంట. సోమారం అంటున్నరు. నేనిన్న."

హర్షిణి గ్లాసులు గడప మీద పెట్టేసింది. రవళి మటుకు తలెత్తలేదు.

"చెప్పను అవ్వా."

"రేపు నాటుకొస్తవా మరి?"

రవళి కాసేపు ఆ ముడతల చేతిని తన చేతిలోనే ఉంచుకుంది.

"వస్త," అంది. "ఆ చెయ్యి ఇయ్యి."

సోమవారం ఈ ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో ఇప్పుడే ఎవరం చెప్పలేం. రాజవ్వ రేపు మళ్లీ తలుపు పట్టుకోవచ్చు, మళ్లీ పుస్తెలతాడు అడగవచ్చు. ఇవాళ తన పాట అందుకున్నదెవరో ఆమెకు రేపు గుర్తుండదు. ఇవాళే గుర్తులేదు. అందుకే ఇది చదివే మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆ గొంతు ఎవరిదో మీరైనా గుర్తుపెట్టుకోండి. ఆమె పేరు రవళి.